పెద్దసామి బలభ్రామకం

పీరు ఎటు నడిపిస్తే మనిషి అటు నడుస్తాడంటారు. జమ్మలమడుగు పక్కన, పెన్న ఒడ్డునున్న ఆ ఊళ్లో మాత్రం గఫూర్ ఎటు నడిస్తే పీరు అటు నడిచేది. ముప్పై ఏళ్లుగా అదే వరస. పీర్ల సావిట్లో అయిదు పీర్లున్నాయి. నాలుగింటిని ఎవరు ఎత్తుకున్నా ఊరు పెద్దగా పట్టించుకోదు. అయిదోది పెద్దసామి. నిలువున్నర కర్ర, కొసన పళ్లెమంత వెండి హస్తం, ఆ హస్తం కింద ఊరంతా మొక్కుకుని కట్టిన దట్టీలు, పూలహారాలు. దట్టీ అంటే పెద్ద వింతేమీ కాదు, జానెడు వెడల్పున్న రంగుగుడ్డ. మొక్కు తీరినవాళ్లూ కడతారు, తీరాలనుకునేవాళ్లూ కడతారు, పక్కింటివాళ్లు కట్టారు కదా అని కట్టేవాళ్లూ తక్కువేం కాదు. ఆ కట్టేవాళ్లలో ముస్లింలెందరో హిందువులెందరో ఎవరూ లెక్కపెట్టలేదు, పెట్టాలని ఎవరికీ తోచనూ లేదు.

గఫూర్ నడుముకు తోలుపట్టీ బిగించుకుని, పట్టీకి ముందున్న సంచిలో కర్ర మొదలు దించి, రెండు చేతులూ రొమ్ము దగ్గర పెట్టి పట్టుకున్నాడంటే ఇక పెద్దసామి పాతిన గుంజ. సామిని ఎత్తినోడి చెయ్యి వణికితే ఊరు వణుకుతుందని వాళ్ల నమ్మకం. కర్ర నేలను తాకిందా, ఆ ఏడాది వానలు పడనట్టే. ఎత్తినవాణ్ని ఎవరూ ఒక్క మాట కూడా అనరు. అనరు గానీ, మనవళ్ల కాలం దాకా మరవరు కూడా.

ఆ గఫూర్ భుజం ఈ ఏడాది ఉగాదికి ముందే చెడింది. ఆయన బండలు పరిచే మేస్త్రీ. పులివెందులలో ఒక ఇంటికి బండపరుపు పూర్తిచేసి మోపెడ్ మీద వస్తుంటే, వేముల దాటగానే అడవిపంది అడ్డం వచ్చింది. పందికి ఏమీ కాలేదు. గఫూర్ కుడిభుజంలో కండ సగం చిట్లింది. మళ్లీ పులివెందులకే తీసుకుపోతే అక్కడి డాక్టరు భుజాన్ని అటూ ఇటూ తిప్పి చూసి చెప్పాడు: "రొమ్ము కంటే పైకి చెయ్యి ఎత్తొద్దు పెద్దాయనా. చేతిమీద గట్టి ఒత్తిడి పడనియ్యొద్దు. పడిందా, మిగతా సగం కూడా తెగుతాది."

గఫూర్ ఇందులో మొదటి వాక్యం మాత్రమే ఇంటికి తెచ్చుకున్నాడు.

"రొమ్ము కంటే పైకి ఎత్తొద్దన్న్యాడు. సామిని పట్టుకునేది రొమ్ము కాడనే గదా. డాక్టరే ఒప్పుకున్న్యాక మీదేంది మధ్యన?" అన్నాడు, నెలవంక కనిపించి పీర్లను సావిట్లో నిలబెట్టిన సాయంత్రం.

ఆ 'మీరు' ఇద్దరు. భార్య మాబున్ని, కూతురు ఫరహత్. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఏ మాటకు ఎప్పుడు జవాబివ్వకూడదో మాబున్నికి బాగా తెలుసు. ఫరహత్‌కు ఆ విద్య ఇంకా పట్టుబడలేదు. ఆమె ప్రొద్దుటూరులో ఒక పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ మెకానిక్స్ చెబుతుంది. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వస్తుంది. రోజంతా పిల్లలకు జవాబులు చెప్పీ చెప్పీ అలవాటైపోయి ఇంట్లో కూడా ఊరుకోలేదు.

"పోయినేడు ఏటి మలుపులో గాలికి సామి ఎట్ల ఊగిందో మర్చిపోయినావా నాయనా? అప్పుడు నీ భుజం గట్టిగుండె. అయినా రెండడుగులు పక్కకు పోయినావు. ఈసారి ఎట్ల ఆపుతావు?"

"నేను ఎత్తకపోతే ఎవరెత్తుతారు మే?"

అది ప్రశ్న కాదని ఫరహత్‌కు తెలుసు. ఎత్తేవాళ్లు దొరకరనే దిగులు ఆ గొంతులో లేదు, ఎవరైనా దొరికిపోతారేమోననే భయం ఉంది. బండలు పరిచే మేస్త్రీని ఇంటి యజమాని గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడతాడు. అదే మనిషి పీర్ల పండగ పదో నాడు గఫూర్ కాళ్లమీద బిందెడు నీళ్లు పోసి మొక్కుతాడు. ఏడాదికి ఒక్క పూట దొరికే ఆ పెద్దరికాన్ని వదులుకోమని తండ్రికి ఏ నోటితో చెప్పాలి? ఫరహత్‌కు నాయనంటే ప్రాణం. భుజమూ పోకూడదు, పెద్దసామి ఒరగకూడదు, ఆయన ముఖం చిన్నబోనూ కూడదు. మూడూ కావాలంటే ఏం చెయ్యాలా అని ఆ రాత్రి అన్నం తింటూ ఆలోచించి, చెయ్యి కడుక్కునేలోపు ఒక నిర్ణయానికి వచ్చింది. ఆపలేనప్పుడు లెక్క కట్టడమే.

మర్నాడు ఆదివారం. పెరట్లో చింతకాయలు కోసే దోటి ఉంది, ఇంచుమించు పెద్దసామి అంత పొడవు. దాని కొసకు తడి దుప్పటి చుట్టి కట్టింది. నాయన నడుముకు తోలుపట్టీ కట్టి, దోటి మొదలు సంచిలో పెట్టి నిలబడమంది.

"ఏం ఆటలు మే ఇవి?" అన్నాడు గానీ నిలబడ్డాడు. పీరు ఎత్తే మాటైతే దోటితోనైనా ఆయనకు ఇష్టమే.

ఫరహత్ కుర్చీ ఎక్కి, దుప్పటి కట్టినచోట అరచెయ్యి పెట్టి కొంచెం తోసింది. దోటి పక్కకు పోయింది. దాన్ని నిలబెట్టడానికి గఫూర్ పళ్లు బిగబట్టాల్సి వచ్చింది. నొప్పి ముఖంలో కనిపించకూడదని మీసం సవరించుకోబోయాడు, చేతులు ఖాళీ లేవు.

"దించు నాయనా." కుర్చీ దిగి, దుప్పటిని కిందికి జరిపి ఆయన చేతుల పక్కనే కట్టింది. మళ్లీ తోసింది. ఈసారి రెండు చేతులతో తోసింది. దోటి కదల్లేదు.

"దుప్పటి పిండినావా? బరువు తగ్గింది."

"అదే దుప్పటి, అవే నీళ్లు. చూడు, ఇంకా కారతాండాయి."

తరువాత సుద్దముక్క తీసుకుని ఆయనే పరిచిన నాపబండల మీద గీత గీసింది. కింద సంచి. దానికి అడుగున్నర పైన నాయన చేతులు. ఆరడుగుల పైన దట్టీలు. క్లాసులో తలుపు కథ చెప్పేది, బందు దగ్గర తోస్తే తలుపు కదలదు, అంచు దగ్గర తోస్తే చిటికెన వేలితో తెరుచుకుంటుంది అని. పిల్లలు ఆవలించేవాళ్లు. ఇక్కడ వినేవాడు ఒక్కడే, ఆయన మాత్రం కళ్లు ఆర్పడం లేదు.

"ఆడ గాలి నాలుగు కిలోల బలంతో తోసిందనుకో. ఆ బలాన్ని దూరంతో గుణించాల. నాలుగార్లు ఇరవైనాలుగు. ఇది సామిని వంచే లెక్క. వంగకుండా నిలపాలంటే నీ చెయ్యి కూడా ఇరవైనాలుగు తేవాల. కానీ నీ చెయ్యి ఉండేది అడుగున్నర కాడ. అడుగున్నర పదహార్లు ఇరవైనాలుగు. నాలుగు కిలోల గాలికి నీ భుజం పదహారు కిలోలు మోస్తాండాది నాయనా. అదే దట్టీలు నీ చేతుల కాడ ఉంటే నాలుగుకు నాలుగే. సామి ఏ పక్కకు ఒరిగినా అంతే, పైన బరువుంటే లాగుతాది, కింద బరువుంటే ఊరికే ఉంటాది."

గఫూర్ వంగి ఆ గీతను కింది నుంచి పైదాకా చూశాడు. "దీనికి పేరుండాదా?"

"బలభ్రామకం."

"పేరే శానా బరువుగుండాది," అని నవ్వాడు. "సరే. దట్టీలు కిందికి కట్టమని ఊరోళ్లకు ఎవురు జెప్తారు? నేను జెప్తే ముసలోడికి శక్తి పోయిందంటారు."

ఆ పని ఫరహత్ నెత్తికెత్తుకుంది. చదువుకున్నవాళ్లు చేసే పొరపాటే అది, అర్థమైతే చాలు జనం ఒప్పుకుంటారనుకోవడం. సాయంత్రం సావిడికి పోయి బాలసుబ్బయ్యతో చెప్పింది. బాలసుబ్బయ్య మండలాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనాయన. పండగ పెత్తనమంతా ఆయనదే. గఫూర్ కంటే రెండేళ్లు పెద్ద. వయసులో ఉన్నప్పుడు పెద్దసామిని ఎత్తాలని ఒకసారి ముచ్చటపడి ఎత్తితే, సామి నేరుగా టీకొట్టు మీదికి వాలింది. నలుగురు అడ్డం పడి ఆపారు. అప్పట్నుంచి ఊరేగింపులో గఫూర్ పక్కన నెమలీకల కట్ట పట్టుకుని విసురుతూ నడవడంతో సరిపెట్టుకున్నాడు. ఆశ మాత్రం పోలేదు. గఫూర్ సామిని ఎత్తేటప్పుడు ఈయన చేతులు కూడా వాటంతటవే లేస్తాయి.

బాలసుబ్బయ్య పదిమందినీ పిలిపించాడు. ఫరహత్ సావిడి గోడ మీద బొగ్గుతో బొమ్మ గీసి, దోటితో చేసి చూపించి, నాలుగార్లు ఇరవైనాలుగు అని వివరంగా చెప్పింది. అందరూ తలలూపారు. ఎంత బాగా చెప్పిందీ పిల్ల అన్నారు. మూలింటి యశోదమ్మ అయితే లేచి వచ్చి బుగ్గలు పుణికింది.

"నిజమే తల్లీ. గఫూరు కష్టం చూడాల గదా. అందరూ కిందికే కట్టండి మే," అని ఆడవాళ్లందరికీ గట్టిగా చెప్పి, కొంగులోంచి మల్లెహారం తీసింది. "నాది ఒక్కటి మాత్రం పైనే కడతా. మా మనమరాలికి కానుపు దగ్గరికొచ్చింది. సామి చెవుకు ఇనపడేటంత దగ్గరుండాల."

"అట్లయితే మాదీ ఒక్కటే గదా," అన్నారింకెవరో. మా వాడికి కువైట్ వీసా రావాలని ఒకరు, బోరులో నీళ్లు పడాలని ఒకరు. అందరిదీ ఒక్కటే. అవతలివాళ్ల దట్టీ కిందికి కట్టాలని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఫరహత్ ఆశగా బాలసుబ్బయ్య వైపు చూసింది.

"నువ్వు జెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం పాపా," అన్నాడాయన ఇబ్బందిగా. "కానీ నాది మా నాయన కాలం నుంచి కొసకే గదా."

ఇంటికొచ్చి చాపమీద కూలబడింది ఫరహత్. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ కలిసి ఏడుపొచ్చింది. మాబున్ని సామికి పెట్టే మలీదకు రొట్టెలు నలుపుతూ అంతా విన్నది. బెల్లం కలిపి, ఒక ముద్ద కూతురి చేతిలో పెట్టింది.

"లెక్క తప్పుబోయిందా?"

"లెక్క తప్పుబోలేదమ్మా. జనం ఇనలే."

"భయమున్న్యోళ్లకు లెక్క జెప్తే ఎట్ల ఇంటారు మే? వాళ్ల భయం వాళ్లది. కింద కడితే ఏమొస్తాదో జెప్పాల గానీ, పైన కడితే ఏం పోతాదో జెప్తే ఎవరికి కావాల?" అని, కాసేపాగి అడిగింది. "మీ నాయన చేతుల కిందనైతే ఇంకా మంచిదా?"

"సంచి దగ్గరికి ఎంత వస్తే అంత మంచిది. దూరం లేకపోతే బరువున్నా లేనట్టే."

మాబున్ని మిగిలిన రొట్టెలు ముందుకు లాక్కుంది.

మర్నాడు పొద్దున ఆడవాళ్లంతా సావిడి ఊడ్చి ముగ్గులు వేసే వేళకు ఆమె పచ్చదట్టీ ఒకటి పట్టుకుని పోయింది. అందరూ పైకి కట్టడానికి స్టూలు కోసం కాచుకుంటే, ఈమె నేలమీద మోకాళ్లు వంచి, పెద్దసామి కర్ర మొదట్లో, సంచిలోకి దిగే చోటికి కాస్త పైన కట్టింది. కట్టి, ఆ చోటికి తల ఆనించి లేవకుండా ఉండిపోయింది. మొక్కు అంతసేపు పడితే పక్కనున్నవాళ్లకు ఆరాటం తప్పదు కదా.

"ఏంది మాబున్నీ, ఆడ కట్టినావు?" అన్నది యశోదమ్మ.

మాబున్ని కళ్లు తుడుచుకుంది. ఆ తడి మాత్రం నిజం తడే. "ఇంటాయన భుజం కోసరం అక్కా. ఇన్నాళ్లూ సామి చెయ్యి కాడ కట్టినా, ఏమైంది? చెయ్యి పట్టుకుంటే ఎవరైనా ఇదిలించుకోని పోతారు. కాళ్లు పట్టుకున్న్యోళ్లను యాడ ఇదిలిస్తాడు సామి? నడవాలంటే నన్ను దాటుకోనే గదా నడవాల."

యశోదమ్మ పైకి చూసింది, కిందికి చూసింది. స్టూలు ఎక్కి, కట్టిన మల్లెహారం విప్పుకుని దిగింది.

ఆ రోజు ఫరహత్ ప్రొద్దుటూరుకు పోయి సాయంత్రం తిరిగొచ్చేసరికి సావిట్లో గొడవ. పాదాల దగ్గర చోటు కోసం గొడవ. నాది కిందికుంటే నీది దానికంటే కిందికెట్ల కడతావని ఇద్దరు వదినామరదళ్లు పట్టుకున్నారు. పైన రెండు మూడు హారాలు తప్ప ఏమీ మిగల్లేదు. సంచిలోకి దిగాల్సిన మొన మీద కూడా కట్టేస్తారేమోనని బాలసుబ్బయ్య కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. వాళ్ల నాయన కాలం నుంచి కొసకే కట్టే ఆయన హారం కూడా పాదాల దగ్గరే ఉంది.

ఇంటికొచ్చి తల్లిని పట్టుకుంది. "నిజం జెప్పమ్మా. మొక్కుకోని కట్టినావా, ఊరోళ్ల కోసరం కట్టినావా?"

"రెండూ," అన్నది మాబున్ని. "మొక్కు ఉత్తదైతే వాళ్లు మాత్రం ఎట్ల నమ్ముతారు?"

పదో నాడు మధ్యాహ్నం పొద్దు కాస్త వాలగానే పీర్లు పెన్నకు బయలుదేరాయి. తప్పెట్లు మోగుతున్నాయి. ఆషాఢపు గాలి పొద్దున్నుంచీ విరామం లేకుండా వీస్తోంది, వీధిలో నడిచేవాళ్ల పంచెలు కాళ్లకు చుట్టుకుంటున్నాయి. గఫూర్ స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, పట్టీ బిగించుకుని సామిని ఎత్తాడు. ఫరహత్ ఊరంతటినీ వదిలేసి ఆయన కుడిచెయ్యినే చూస్తోంది. ఆ చెయ్యి వణికితే ఏం చెయ్యాలో ఆమె దగ్గర లెక్కేమీ లేదు. తాను కుర్చీ మీద నిలబడి తోసిన గాలి వేరు, పెన్న మీంచి వచ్చే గాలి వేరు. నాలుగు కిలోలని తానే అనుకుంది, గాలి ఏమైనా ఒప్పుకుందా?

వీధి దాటేదాకా ఏమీ కాలేదు. ఏటి మలుపు తిరగగానే ఇళ్లు అయిపోయాయి, గాలి ఒక్కసారిగా మీద పడింది. వెనకనున్న చిన్నపీరు ఒకటి ఊగిపోయింది, దాన్ని ఎత్తినవాడు కేకపెట్టాడు. ఆడవాళ్లు సామీ సామీ అన్నారు. పెద్దసామి మీదున్న దట్టీలన్నీ ఒక్కసారిగా లేచి గఫూర్ రొమ్మునూ ముఖాన్నీ కప్పేశాయి. ఆయన ఎవరికీ కనపడకుండా పోయాడు. రంగుగుడ్డల మూట ఒకటి కాళ్లు మొలిచి నిలబడినట్టుంది. ఆ మూట మీంచి కర్ర మాత్రం నిటారుగా లేచి ఉంది.

గాలి కాస్త తగ్గాక దట్టీల మధ్యనుంచి ముఖం బయటికి వచ్చింది. ఎర్రగుడ్డ ఒకటి మీసానికి తగులుకుని ఉంది. జనం నవ్వారు, జేజేలు కొట్టారు. ఫరహత్‌కు కూడా నవ్వొచ్చింది. ఇంత సంతోషం డిగ్రీ వచ్చిననాడు కూడా లేదనుకుంది.

మలుపు దగ్గరే పీర్లు ఆగే కట్ట ఒకటుంది. మిగతా పీర్లవాళ్లు ఇద్దరు పెద్దసామిని చెరోపక్క పట్టుకుంటే, గఫూర్ మొనను కట్టమీద ఆనించాడు. ఆడవాళ్లు ఆయన కాళ్లమీద నీళ్లు పోసి మొక్కుతున్నారు. ఆయన నవ్వడం లేదు. ఫరహత్ జనాన్ని తోసుకుని దగ్గరికి పోయింది.

"నొప్పి లేసిందా నాయనా?"

"నొప్పి లేదు మే. అస్సలు లేదు." భుజం ఒకసారి కదిపి చూసుకున్నాడు. "అదే ఆలోచన జేస్తాండా. ఇంత తేలికయితే, ఇన్నేండ్లు నేను మోసిందేంది? నా మాదిరి మోసేటోడు లేడని గదా ఊరంతా అనిరి. నేనూ అట్లే అనుకుంటి. తప్పు యాడుండిందంటే దట్టీలు కట్టే చోటులో ఉండింది."

భుజాన్ని కాపాడే తొందరలో నాయన గొప్పను తీసేశానా అని ఫరహత్‌కు అనుమానం వచ్చింది. ఏదో ఒకటి చెప్పాలని, "నువ్వు మోసింది నిజమే గదా నాయనా," అంది. ఆయన వినలేదు. ఆయన చూపు బాలసుబ్బయ్య మీద ఉంది. బాలసుబ్బయ్య నెమలీకల కట్ట చంకలో పెట్టుకుని, కట్టమీది సామిని అలవాటుగా ఆశగా చూస్తున్నాడు.

గఫూర్ నడుము దగ్గర పట్టీ విప్పాడు. "అన్నా, ఇట్ల రా."

"యాడికి?"

"నడుము సూపియ్యి. పట్టీ కట్టాల."

బాలసుబ్బయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దురా గఫూరూ. ఈ వయసులో మళ్లీ టీకొట్టు మీద ఏస్తే నన్ను ఊళ్లోనుంచి తరుముతారు."

"ఈడ టీకొట్టు లేదులే రా. బలం అక్కరలేదు ఈసారి. మా పాప లెక్క గట్టింది."

జనం దగ్గరికి జరిగి చుట్టూ మూగారు. తరువాత యశోదమ్మ, "రా సుబ్బయ్యన్నా, కాళ్లు పట్టుకోని ఉండాం గదా అందరం, సామి యాడికి పడతాడు?" అన్నది. ఆ మాటకు నవ్వులు లేచాయి. నవ్వుల మధ్యనే గఫూర్ పట్టీ బిగించాడు, కర్ర మొనను సంచిలోకి దించాడు, బాలసుబ్బయ్య రెండు చేతులనూ పట్టుకుని రొమ్ము దగ్గర పెట్టాడు. వదిలాడు.

పెద్దసామి నిలబడింది. బాలసుబ్బయ్య మొదటి అడుగు వెయ్యడానికే చాలాసేపు పట్టింది. వేశాక ఇక ఆగలేదు. చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక అట్లాగే నడిచాడు. తప్పెట్లు మళ్లీ అందుకున్నాయి. జనమంతా సామి వెంట ఇసుకలోకి దిగారు.

గఫూర్ మాత్రం కట్ట దగ్గరే ఆగిపోయాడు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు పెట్టుకున్నాడు. ఫరహత్ పోయి పక్కన నిలబడింది. బాధపడుతున్నాడేమోనని ముఖంలోకి చూసింది. ఆయన తల పైకెత్తి, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లవాడిలా దూరంగా చూస్తున్నాడు. ఇసుక మీద, జనం తలల మీదుగా, వాలుపొద్దు పడి వెండి హస్తం మెరుస్తూ పోతోంది.

"మోసేటప్పుడు నాకు కర్రే గదా మే కనపడేది," అన్నాడు. "సామి నడిచేది ఎట్లుంటాదో ముప్పై ఏండ్లలో ఈ పొద్దే సూస్తాండా."

ఫరహత్ ఆయన ఎడమచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఇసుకలోకి దిగి నడిచారు.